మాయమయ్యే పనితనం

జావాస్క్రిప్టు తొలి రూపాన్ని నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో తయారుచేశాడు. ఆ తొందర ఆనవాళ్లు ఇంకా పోలేదు. ఏమీ లేదని చెప్పే ‘నల్’ ఏ రకమని ‘టైపాఫ్’తో అడిగితే ‘ఆబ్జెక్ట్’ అంటుంది. తప్పని అందరికీ తెలుసు. దిద్దితే పాత పేజీలు ఎన్ని చెడతాయోనని ఎవరూ దాని జోలికి పోరు.

ఈ భాషను పక్కకు నెట్టాలని చూసినవాళ్లు లేకపోలేదు. గూగుల్ 2011లో డార్ట్ అనే భాషను తెచ్చి, దాన్ని క్రోమ్‌లో నేరుగా నడపాలన్న ఆలోచనను 2015లో మానుకుంది. ఇలాంటిదే మరో భాష కాఫీస్క్రిప్ట్ సొగసులు కొన్ని అదే ఏడాది జావాస్క్రిప్టులోకే వచ్చేశాయి. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్ దారి వేరు. టర్బో పాస్కల్, సీ షార్ప్‌ల రూపశిల్పి ఆండర్స్ హైల్స్‌బర్గ్ చెయ్యి పడ్డ భాష ఇది. అంతటి చెయ్యి తిరిగినవాడు పునాదుల నుంచీ కొత్తగా కడతాడనుకుంటాం. ఆయన పాత ఇంట్లో గోడ కూడా కదపలేదు.

టైప్‌స్క్రిప్ట్‌లో ఏ విలువ ఏ రకమో మనం రాసే గుర్తులన్నీ, స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేసినట్టు, బ్రౌజరుకు చేరేలోపే పోతాయి. మిగిలేది మామూలు జావాస్క్రిప్టే. (‘ఈనమ్’ లాంటివి కొన్ని మాత్రం తమ కోడు వదిలిపోతాయి. నా దృష్టిలో అదొక మచ్చ.)

అసలు నేర్పు తనిఖీలో ఉంది. ఒక విలువ స్ట్రింగ్ కావచ్చు, సంఖ్య కావచ్చు. అలాంటప్పుడు ‘ఇఫ్’లో టైపాఫ్‌తో చూసుకోవడం జావాస్క్రిప్టు రాసేవాళ్లకు పాత అలవాటు. టైప్‌స్క్రిప్ట్ అందుకోసం కొత్త పద్ధతేదీ నేర్పదు, ఆ అలవాటునే చదువుతుంది. ‘ఇఫ్’ లోపల అది స్ట్రింగ్ అనీ, ‘ఎల్స్’లో మిగిలింది సంఖ్యేననీ తనే తేల్చుకుంటుంది. నల్ తనిఖీని కఠినంగా పెట్టుకుంటే, టైపాఫ్ ‘ఆబ్జెక్ట్’ అన్న చోట కూడా ‘ఇది నల్ కావచ్చు, చూసుకో’ అంటుంది. ఐక్ నాటి తప్పును దిద్దలేదు, కంఠతా పట్టింది!

అలాగని ఏదీ జారనివ్వదని కాదు. మూడే అంశాలున్న జాబితాలో పదోది అడిగినా మామూలుగా ఊరుకుంటుంది. తనిఖీలో పట్టు సడలించని ఎల్మ్ లాంటి భాషల అభిమానులకు ఇది మింగుడుపడదు. కానీ జాబితాను ముట్టుకున్న ప్రతిచోటా ‘ఉందా, లేదా’ అని రాయాల్సివస్తే జనం విసిగి గుర్తులు పెట్టడమే మానేస్తారు. కావాలనుకునేవాళ్లు ఆన్ చేసుకునేలా ఆ తనిఖీని విడిగా ఇచ్చారు.