వాళ్లను లేవనివ్వండి

"అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను తెస్తాగా" అంటుంది కోడలు. "తాతయ్యా, నువ్వుండు" అంటాడు మనవడు. డెబ్బై దాటినవాళ్లు మంచినీళ్లకో పేపరుకో లేవబోతే మన ఇళ్లలో వినబడే మాటలివి. ప్రేమతోనే అంటాం, మర్యాద అనుకునే అంటాం. కానీ పెద్దవాళ్ల కాళ్లలో సత్తువ తగ్గడానికి ఈ మర్యాద కూడా ఒక కారణమని నా నమ్మకం. మా అమ్మతో కుర్చీ కసరత్తు చేయించడం మొదలుపెట్టాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

దానికి కావలసిందల్లా చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి. జారకుండా గోడకు ఆనిస్తాం. అమ్మ కుర్చీ అంచుకు జరిగి కూర్చుంటుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, కాస్త వెనక్కి లాక్కుంటుంది. చేతులు గుండెల మీద కట్టుకుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేస్తుంది. లేచేటప్పటికన్నా కూర్చునేటప్పుడే నేను ఆమెను ఎక్కువగా కనిపెట్టి చూస్తాను. సగం దిగేసరికి తొడలు వణుకుతాయి, ధబ్బున కూలబడిపోదామనిపిస్తుంది. అలా పడిపోకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ మెల్లగా దిగాలి. తొడ కండకు గట్టి పని పడేది అక్కడే.

వైద్యులు దీన్నే పరీక్షగానూ వాడతారు. చేతుల సాయం లేకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కిస్తారు. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 సార్లు, మగవాళ్లు 12 సార్లు లేవలేకపోతే పడిపోయే ముప్పు ఉన్నట్టేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది.

ఇంట్లో ఎవరైనా పడగానే బాత్రూమ్ తడినో, గడపనో తిట్టుకుంటాం. తడి తుడవాల్సిందే, రాత్రిపూట దీపం ఉంచాల్సిందే. కానీ కాలు తట్టుకున్న క్షణంలో మనిషిని కాపాడేది రెండో కాలు. అది చటుక్కున ముందుకు పడి ఒంటి బరువంతా ఆపాలి. అందుకు బలమూ కావాలి, వేగమూ కావాలి. వయసుతో కండ తరుగుతుంది. అందులోనూ చురుగ్గా పనిచేసే పోగులే ఎక్కువగా సన్నబడతాయి. ఒకసారి పడ్డవాళ్లను భయం పట్టుకుంటుంది. భయంతో కదలడం మానేస్తారు. కదలకపోతే కాళ్లు ఇంకా నీరసిస్తాయి, మళ్లీ పడతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిందని 2007లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో తేలింది. "విశ్రాంతి తీసుకోండి" అని ఊరికే అనేసేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పోయిన బలం తిరిగొస్తుందా? వస్తుంది. బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల వయసువాళ్లతో మరియా ఫియాటరోన్ బృందం ఎనిమిది వారాల పాటు కాళ్లతో బరువులు ఎత్తించింది. శిక్షణ పూర్తిచేసినవాళ్ల తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. 1990లో అచ్చయిన ఆ ఫలితాలు చదివినప్పటి నుంచి "ఈ వయసులో ఇంకేం కసరత్తులు" అన్న మాట నేను ఒప్పుకోను.

"రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా" అంటారు చాలామంది. నడక గుండెకు మంచిదే, మానొద్దు. అయితే 108 అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2019 నాటి కోక్రేన్ సమీక్షలో, వ్యాయామం వల్ల పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గినట్టు తేలింది. అందులో ప్రధాన పాత్ర లేచి కూర్చోవడం, ఒంటికాలిమీద నిలదొక్కుకోవడం వంటి కసరత్తులది. నడక ఒక్కటే చాలుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. 65 దాటినవాళ్లు ఇలాంటివి వారానికి కనీసం మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "రాత్రికి కాస్త మజ్జిగన్నం చాలు" అనే పెద్దవాళ్లకు పప్పో, గుడ్డో, పెసరట్టో కూడా పెట్టాలి. మాంసకృత్తులు అందకపోతే కండ పట్టదు. కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

ఈ ఆదివారం మీ ఇంట్లో గోడవారన కుర్చీ వేసి, అమ్మకో నాన్నకో పక్కనే నిలబడి 30 సెకన్లు లెక్కపెట్టండి. తక్కువొస్తే కంగారు పడక్కర్లేదు. మొదట్లో చేతులు ఆనించి లేచినా ఫర్వాలేదు, సోమవారం నుంచి మొదలుపెట్టించండి. మంచినీళ్లకు వాళ్లే లేస్తామంటే దారిలో అడ్డున్నవి తీసేసి, వెళ్లనివ్వండి.