కోరి తెచ్చుకున్న గాయమూ గాయమే

గాల్ బ్లాడర్ తీయించుకుని మనిషి ఇంటికొస్తే మన ఇళ్ళలో ఎంత హడావుడో! పక్కింటావిడ జావ కాచి తెస్తుంది. ఆడపడుచు వచ్చి వారం రోజులు ఉండి వెళ్తుంది. పొద్దస్తమానం పరామర్శ ఫోన్లే. అదే మనిషి ఫేస్ లిఫ్ట్ చేయించుకుని వస్తే వీధి తలుపు వేసేస్తారు. చుట్టాలడిగితే ‘పళ్ళ ట్రీట్‌మెంట్’ అంటారు. కాసేపు నడుం వాలిస్తే ‘ఈ వయసులో నీకివన్నీ అవసరమా’ అన్న మాట వంటింట్లోంచి వినబడుతుంది. రెండింటికీ మత్తిచ్చారు, కోశారు, కుట్లు వేశారు. ఆ మాటకొస్తే ఫేస్ లిఫ్ట్ కోతే ల్యాప్రోస్కోపీ కోతకంటే చాలా పొడుగు. అయినా ఒకటి జబ్బు, ఇంకోటి సరదా అని తేల్చేస్తాం.

ప్రభుత్వం తేల్చిందీ అదే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వైద్య సేవలకి పన్ను మినహాయించి, కాస్మెటిక్ సర్జరీని ఆ మినహాయింపులోంచి తీసేశారు. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో తగిలిన దెబ్బకో చేస్తే పన్ను లేదు. అందం కోసమైతే 18 శాతం కట్టాలి. పన్ను వేసేవాళ్ళు ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో ఏళ్ళ తరబడి నర్సుగా చేస్తున్న నాకు మాత్రం ఆ గీత మంచం దగ్గర ఎప్పుడూ కనబడలేదు. కత్తి అవసరం కొద్దీ వచ్చిందా, ఆశ కొద్దీ వచ్చిందా అని రక్తనాళం అడగదు.

ఫేస్ లిఫ్ట్‌లో ముఖం మీది చర్మాన్ని లాగి కుట్టేస్తారు, అంతేగా అంటారు చాలామంది. నూరేళ్ళ కిందట చేసింది అదే. చెవి ముందు, జుట్టు అంచున చర్మం ముక్క కాస్త తీసి కుట్టేవారు. పారిస్‌లో ఈ పని చేసిన సుజాన్ నోయెల్ అనే సర్జన్ 1926లో దీని సామాజిక అవసరం మీద ఏకంగా పుస్తకమే రాసింది. ముఖంలో వయసు కనబడితే బతుకుతెరువు పోతుందన్న భయంతో వచ్చే ఆడవాళ్ళని చూసిందావిడ. ఆ కుట్లు జుట్టులో దాగిపోయేవి. కాకపోతే చర్మం సాగుతుంది, కొన్నాళ్ళకే మళ్ళీ జారిపోయేది. 1976లో మిట్జ్, పెయిరొనీ అనే ఫ్రెంచి సర్జన్లు ముఖంలో చర్మం అడుగున కండరాలతో కలిసి ఉండే ఒక పొర గురించి వివరంగా రాశారు. ‘స్మాస్’ అంటారు దాన్ని. అక్కణ్ణించి పని లోతుకి వెళ్ళింది. ఇప్పుడు ఆ పొరని పైకి తీసి బిగించి, దాని మీద చర్మాన్ని వదులుగానే పరిచి, మిగిలింది కత్తిరిస్తారు. ఫలితం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. లోపల అంత పని జరిగింది కాబట్టి కోలుకోవడానికీ వారాలు పడుతుంది.

మొదటి రాత్రి తలచుట్టూ కట్టు ఉంటుంది. కొందరికి చెవి వెనకనుంచి సన్నటి డ్రెయిన్ గొట్టం, దాని చివర బల్బులో ఎర్రటి నీరు. మంచం తలవైపు ఎత్తి పెడతాం. బీపీ మాటిమాటికీ చూస్తూనే ఉంటాం. నేను చేసే ముఖ్యమైన పని మాత్రం కట్టు అంచుల దగ్గర రెండు బుగ్గలనీ రెండు అరచేతులతో ఒకేసారి తాకి చూడటం. రెండూ మెత్తగా, ఒకే తీరుగా ఉబ్బి ఉంటే దిగులు లేదు. ఒకటి గట్టిపడిందంటే లోపల రక్తం చేరుతోందన్నమాట. హెమటోమా అంటారు. ఫేస్ లిఫ్ట్ తర్వాత వచ్చే చిక్కుల్లో ఎక్కువగా చూసేది ఇదే, అదీ చాలావరకు మొదటి 24 గంటల్లోనే. బీపీ ఉన్నవాళ్ళకి, మగవాళ్ళకి ముప్పు మరీ ఎక్కువ. దగ్గు, వాంతి, మలబద్ధకంతో ముక్కడం, ఇలా బీపీని ఎగదోసేది ఏదైనా ఆ రాత్రి శత్రువే.

ఒకావిడ గుర్తొస్తుంది. రిటైరైన టీచరు. కొడుకుకీ కోడలికీ తీర్థయాత్ర అని చెప్పి వచ్చింది. తోడొచ్చిన స్నేహితురాలు చీకటి పడగానే వెళ్ళిపోయింది. అర్ధరాత్రి దాటాక నేను వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. దుప్పటి అంచు పిడికిట్లో పట్టి నలుపుతోంది. టార్చి వేసి చూశాను. ఎడమ బుగ్గ నిగనిగలాడుతూ నిండుగా ఉంది, వేలితో నొక్కితే లొంగడం లేదు. అటువైపు పెదవి ఉబ్బి, నల్లగా కమిలిపోతోంది.

“ఎప్పట్నించమ్మా ఈ నొప్పి?”

“పదకొండయిందేమో, అప్పట్నించే.”

“బెల్లు చేతికిందే ఉంది కదండీ, కొట్టలేదేం?”

“కోరి తెచ్చుకున్నదే కదమ్మా. మళ్ళీ నొప్పి అంటూ నిన్ను పిలవడానికి మొహం చెల్లలేదు.”

డాక్టరుగారు వచ్చారు, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు. కుట్లు విప్పి, గడ్డకట్టిన రక్తం తీసి, కారుతున్న నాళాన్ని మూసేశారు. తెల్లారేసరికి ఆవిడ కుదురుకుంది. ఇంకాసేపు ఓర్చుకుని ఉంటే ఆ ఒత్తిడికి పై చర్మానికి రక్తం అందక నల్లబడిపోయే ప్రమాదం ఉండేది. ఈ ఆపరేషన్‌లో నొప్పి చూడ్డానికి కనిపించేంత ఉండదు. బిగుతు, బరువు, మాత్రకి తగ్గే సలుపు, అంతవరకు మామూలే. ఒక పక్కే మొదలై అంతకంతకూ పెరిగే నొప్పి మామూలు కాదు. అలాంటప్పుడు ఓర్పు పనికిరాదు.

రెండు, మూడు రోజుల్లో వాపు బాగా ఎక్కువవుతుంది. కళ్ళు సగం మూసుకుపోతాయి, దవడ గీత కనబడదు. కమిలిన రంగు ఊదా నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి పసుపుకి మారుతూ కిందికి జారి మెడ మీదికి, ఒక్కోసారి ఛాతీ మీదికీ దిగుతుంది. దాన్ని చూసి ‘ఇదెక్కడికి పాకుతోంది సిస్టర్’ అని కంగారు పడతారు. రక్తం బరువుకి కిందికి దిగుతోంది, అంతే. రెండు వారాల్లో చాలావరకు పోతుంది. ఈ రోజుల్లోనే చాలామందికి ఏడుపొస్తుంది. లక్షలు పోసి ఉన్న ముఖం పాడుచేసుకున్నానా అని బెంగ. ‘ఇది వాపు, నీ ముఖం ఇంకా బయటికి రాలేదు’ అని రోజుకి పదిసార్లు చెప్పే మనిషి పక్కన ఉండాలి. రహస్యంగా చేయించుకున్నవాళ్ళకి లేనిది ఆ మనిషే.

డిశ్చార్జి అయి వెళ్ళేటప్పుడు తోడొచ్చినవాళ్ళని పక్కకి పిలిచి గట్టిగా చెప్పే మాటలు కొన్నున్నాయి. వాపు అనగానే మన చేయి వేడి కాపడం మీదికి పోతుంది. ఇక్కడ అది పనికిరాదు. బుగ్గలు, చెవి తమ్మెలు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు మొద్దుబారి ఉంటాయి, కాలినా తెలియదు. అదే కారణంతో హెయిర్ డ్రయ్యర్ వేడి మీద పెట్టకూడదు, ఐసు నేరుగా ఆనించకూడదు. కుట్ల మీద పసుపు అద్దకూడదు, డాక్టరిచ్చిన ఆయింట్‌మెంటే రాయాలి. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్ళు పథ్యం పెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి, పప్పు మెత్తగా ఉడికించి పెట్టండి, గుడ్డు తినేవాళ్ళకి గుడ్డు పెట్టండి. తగ్గించాల్సింది ఉప్పు, అంటే ఆవకాయ, అప్పడాలు, వడియాలు. ఉప్పెక్కువైతే వాపు దిగదు. జంతికలు, చెగోడీల్లాంటి గట్టివి నమలకుండా కొన్నాళ్ళు ఆగాలి.

రెండు వారాలు వెల్లకిలా, తల ఎత్తు మీద పెట్టుకునే పడుకోవాలి. వంగి ముగ్గు వేయడం, దేవుడి ముందు సాష్టాంగపడటం, నీళ్ళ బకెట్ ఎత్తడం వద్దు. తలమీంచి తొడిగే బట్టలు కాకుండా ముందు గుండీలున్నవి వేసుకోవాలి. చెవి ముందు కుట్లు వారం లోపు, చెవి వెనకవి, జుట్టులోవి పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. బరువు జుంకాలు, జుట్టుకి రంగు డాక్టరు సరేనన్నాకే. మగవాళ్ళకి ఇంకో గమనిక: మొద్దుబారిన బుగ్గ మీద బ్లేడు తెగితే తెలియదు, కొన్నాళ్ళు ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోండి. నవ్వితే నోరు కాస్త పక్కకి పోతోందనిపిస్తే డాక్టరుకి చూపించండి. నరం అలిసి కొన్నాళ్ళు అలా ఉండి, చాలామందికి వారాల్లోనో నెలల్లోనో దానంతటదే సర్దుకుంటుంది.

డాక్టరు దగ్గర కూడా దాచేవాళ్ళుంటారు. గుండె కోసం వాడే ఆస్పిరిన్, చర్మానికి మంచిదని మింగే విటమిన్ ఇ, చేప నూనె మాత్రలు, ఇలాంటివి రక్తం త్వరగా ఆగకుండా చేయొచ్చు. వాటిలో ఏది ఆపాలో, ఎన్నాళ్ళు ఆపాలో డాక్టరే చెప్పాలి, అందుకు ముందు మీరు చెప్పాలి. సిగరెట్ సంగతి మరీ ముఖ్యం. నికోటిన్ సన్నని రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది. విడదీసిన చర్మంలో చెవి వెనక భాగానికి అసలే రక్తం తక్కువ అందుతుంది, ఉన్నది కూడా ఆగిపోతే అక్కడ చర్మం చచ్చిపోతుంది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానాల్సిందే. ఇంట్లో తెలియకూడదని ఫారంలో ‘అలవాటు లేదు’ అని రాసేవాళ్ళని నేను ఎరుగుదును.

తేదీల దగ్గర కూడా గుట్టే ముంచుతుంది. అమ్మాయి పెళ్ళికి పదిహేను రోజుల ముందు చేయించుకుంటే చప్పున తేరుకోవచ్చని కొందరి లెక్క. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, అందులోనే ఆపరేషన్, చుట్టరికాలు, తిరుగు ప్రయాణం అన్నీ కుదించాలని ఇంకొందరి ఆత్రం. రెండు వారాలకి మనిషి బజారుకి వెళ్ళొచ్చు, కానీ ఫోటోకి నిలబడే ముఖం అప్పటికి తయారవదు. శుభకార్యం ఉంటే ఆపరేషన్ దానికి కనీసం రెండు మూడు నెలలు ముందుండాలి. బిగుతు వదలడానికి, నవ్వు సహజంగా రావడానికి అంత పడుతుంది. కుట్ల గీతలు మన ఒంటి రంగుకి నల్లబడటమో ఉబ్బడమో జరగొచ్చు. ఇదివరకు దెబ్బల మచ్చలు బొడిపెల్లా పెరిగినవాళ్ళు ఆ సంగతి మొదటే చెప్పాలి. ఎండ తగలకుండా చూసుకుంటే ఏడాదికి గీతలు పలచబడతాయి.

ఎవరికీ చెప్పకుండా చేయించుకునే హక్కు ఎవరికైనా ఉంది. ఊరందరికీ చాటమని నేననను. ఇంట్లో ఒక్కరికి చెప్పండి చాలు, మొదటి మూడు రాత్రులు పక్కన పడుకునే ఒక్కరికి. ఇంట్లోవాళ్ళకీ ఒక మాట. ముఖానికి కత్తి పెట్టడం మీకు నచ్చకపోతే నిక్షేపంగా వాదించండి, కానీ ఆ వాదన కాగితాల మీద సంతకం పడకముందు చేయండి. పడ్డాక చేయాల్సిన పని వేరే ఉంది: బీపీ మిషన్ వాడటం నేర్చుకోండి, డాక్టరు నంబరు మీ ఫోన్‌లో కూడా వేసుకోండి, రాత్రి లేచి రెండు బుగ్గలూ తాకి చూడండి.