గుఱ్ఱపుదండును ఆజ్ఞయు: రెండు చలనచిత్రములు

ఆలంపురము కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనిది. ఈ నేలకొఱకు విజయనగర ప్రభువులును బహమనీ సుల్తానులును, వారి పిమ్మట బీజాపురపు ఆదిల్‌షాహీలును తరతరములు పోరాడిరి. 1520వ సంవత్సరమున రాయచూరి కోటకై జరిగిన యుద్ధమును మన యిండ్లలో కృష్ణదేవరాయల విజయముగనే చెప్పుకొందుము. ఓడినవాని కథ చెప్పువా రరుదు. ఇస్మాయిల్ ఆదిల్‌షా మద్యము త్రాగిన మైకమున, తగిన సన్నాహము లేకయే, సేనను కృష్ణ దాటుడని యాజ్ఞాపించెనని ఫెరిష్తా వ్రాసెను. దాటినవారు శత్రువుల ధాటికి నిలువలేక వెనుకకు మఱలి, పలువు రేటిలో మునిగిరి. రాయచూరు మరల తన చేత జిక్కువఱకు మద్యము ముట్టనని యతడు పిమ్మట ఒట్టుపెట్టుకొనెనట. ఈ కథను మనస్సునం దుంచుకొని, పొరపాటాజ్ఞవలన కలిగిన మఱియొక వినాశమును చూపు రెండు ఆంగ్లభాషాచిత్రములను పరిశీలింపవలెనని మా సంకల్పము. ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ అను నొక్క పేరే రెండింటికిని గలదు.

కథకు మూలమైన సంగతి యిది. క్రిమియా యుద్ధమున 1854 అక్టోబరు 25వ తేదీని, బాలక్లావాయొద్ద, శత్రువులు ఫిరంగులను తీసికొనిపోకుండ నడ్డగింపుడని సేనాధిపతి రాగ్లన్ ప్రభువు వ్రాతమూలకముగ నాజ్ఞ యిచ్చెను. అతడు మిట్టపై నుండెను. అతనికి కనబడిన ఫిరంగులు పల్లమున నున్న లూకన్ ప్రభువునకు కనబడలేదు. ఆజ్ఞ తెచ్చిన నోలన్ చేయి చూపెనే గాని స్పష్టము చేయలేదు. లూకన్‌కును, దళమును నడిపిన యతని బావమఱది కార్డిగన్‌కును పొసగదు. తుద కించుమించు 670 మంది రౌతులు మూడువైపుల ఫిరంగు లున్న లోయలోనికి దుమికిరి. సుమారు 110 మంది చనిపోయిరి. 160 మంది గాయపడిరి. 300కు పైగా గుఱ్ఱములు నశించెను. ఆ యేటి డిసెంబరుననే టెన్నిసన్ కవిత వెలువడి యీ ఘోరమునకు కీర్తి తొడిగెను.

మైకేల్ కర్టిజ్ తీసిన 1936 నాటి చిత్రమున ఆ కీర్తియే కలదు, సత్యము లేదు. సూరత్ ఖాన్ అను కల్పిత భారతీయ రాజును సృష్టించి, అతడు స్త్రీలను శిశువులను చంపించినట్లు చూపి, అతనిపై పగ తీర్చుకొనుటకు కథానాయకుడు ఆజ్ఞాపత్రమును మార్చినట్లు కల్పించిరి. పొరపాటు కాస్తా న్యాయమైపోయినది! కడపట నా నేరము నొప్పుకొన్న లేఖను అధికారి కాల్చివేయును. విచారణకు ఆధారమైన కాగితమును కాల్చుట యుదారకార్యముగ చూపిన చిత్రమును పిల్లలకు చూపువారు, ముందుగా నిజమైన చరిత్ర చెప్పవలెను. పైగా కాళ్లకు తీగలు తగిలించి గుఱ్ఱములను పడవేయుటచే చిత్రీకరణమునందు పలు గుఱ్ఱములు చచ్చెను.

టోనీ రిచర్డ్‌సన్ 1968లో తీసిన చిత్రము వేఱు త్రోవ త్రొక్కినది. ఇందు బీదసిపాయిలను కొరడాలతో కొట్టించుటయు, ప్రభువుల పంతములును కలవు. నాటి పత్రికలలోని వ్యంగ్యచిత్రములవలె రిచర్డ్ విలియమ్స్ గీసిన కదలు బొమ్మలు, యుద్ధోత్సాహ మెట్లు తయారగునో చక్కగ తెలుపును. దాడి ముగిసిన పిదప దొరలు తప్పు నొకరిపై నొకరు నెట్టుకొందురు, విజయగీతము వినబడదు. నోలన్ ప్రేమకథ మాత్రము అతుకువలె నున్నది. మఱియొక లోపము దీనికంటె పెద్దది. దొర లందఱును మూఢులుగ కనబడుటచే, మూఢులు కానివారి చేతిలో నిట్టి ప్రమాదము జరుగదని ప్రేక్షకుడు నిశ్చింతుడగును. పల్లమునుండి కనబడనిదానిని మిట్టమీదివాడు గుర్తింపకుండుటకు మూఢత్వ మక్కఱలేదు. అడుగుటకు జంకిన క్రిందివాడును, అడిగిన కసరు పైవాడును ఉన్న ప్రతి కచేరిలోను, ప్రతి యింటిలోను, ఆ లోయ యుండును.

ఇంటి పెద్దల మాటకు బదులు పలుకకుండుటయే వినయమని మనము పిల్లలకు నేర్పుచున్నాము. మాట యర్థము కానప్పుడు మరల నడుగుటయు వినయమే యని నేర్పవలదా? లూకన్ ఒక్కమా రడిగి యూరకొనెను. ఆదిల్‌షా తన తప్పునకు తానే శిక్ష విధించుకొనెనని చరిత్రకారుడు చెప్పుచున్నాడు. బాలక్లావా దొరలలో నట్టివా డొక్కడును కానరాడు. రాయచూరి యుద్ధమును తెర కెక్కింపదలచువారు రాయల జయఘోషతోడనే తృప్తి పడక, ఏటిగట్టున నాజ్ఞ యెట్లు పుట్టినదో, దానిని వలదనువారు లేకపోవుటకు కారణ మేమో చూపిన యెడల, నడిగడ్డ ప్రజలు తమ నేల చరిత్రను నిజముగ చూచినవా రగుదురు.