ఎక్కే ముందు కూర్చోవాలి

మైపాడు ఇసుకలో నిలబడి పడమటికి చూస్తే కొండ కనిపించదు. కొబ్బరి చెట్లు, రొయ్యల గుంటలు, వాటి వెనక వరి మళ్లు. నెల్లూరు దాటి పొదలకూరు మీదుగా రాపూరు దారి పడితేగానీ వెలిగొండలు కంటికి ఆనవు. అందుకేనేమో, మా తీరం వాళ్లకి కొండంటే మోజెక్కువ, లెక్క తక్కువ. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడి కుర్రాళ్లు ఉత్తరాఖండ్ వెళ్లి, పన్నెండున్నర వేల అడుగుల కేదార్‌కంఠ మీద మంచులో నిలబడి ఫొటోలు పెడుతుంటారు. మన జిల్లాలోనే ఉన్న ఉదయగిరి దుర్గం ఎక్కారా అని అడిగితే, బస్సులోంచి చూశామంటారు.

వాళ్లని తప్పుబట్టడానికి రాయడం లేదు. నాకూ కొండలంటే ఇష్టమే. అయితే నా గురి నడక మీద కన్నా నడకకు ముందు జరిగే రెండు మూడు సాయంత్రాల మీద. నలుగురైదుగురం మేడ మీద చాప పరుచుకుని, ఒక కాగితం ముందేసుకుని, ఎవరెవరు, ఎప్పుడు, ఎంత దూరం, ఎంత బరువు, ఎక్కడ వెనక్కి తిరగాలి అని తేల్చుకునే పని. చూసేవాళ్లకి కాలక్షేపంలా ఉంటుంది. కానీ కొండ మీద వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం, ఆ చాప మీద ఎవరో మొహమాటపడి అడగకుండా వదిలేసిన ప్రశ్నే.

మొదట మనుషుల లెక్క. వాట్సాప్ గ్రూపులో పదిహేను మంది చేరతారు, బస్టాండుకి అయిదుగురు వస్తారు. నన్నడిగితే అదే మంచిది. నలుగురికి తగ్గకూడదు, ఆరుగురికి మించకూడదు. నలుగురెందుకంటే, ఒకరి కాలు మడతపడితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు కలిసి కిందికి దిగి సాయం తేవాలి. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు. ఆరు దాటితే ముందున్నవాళ్లకీ వెనకున్నవాళ్లకీ మధ్య మలుపు అడ్డమొస్తుంది. మలుపు అవతలివాడు ఏమయ్యాడో ఇవతలివాడికి తెలియదు. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి ముందుండాలి, గట్టివాడు వెనక రావాలి. మనవాళ్లు దీన్ని తిరగేస్తారు. హుషారైనవాడు ముందు ఉరుకుతాడు, ఆయాసపడేవాడు వెనక ఒంటరిగా మిగులుతాడు.

తర్వాత, ఎవరి మాట చెల్లాలి? ఇది మా ఇస్కపల్లి, జువ్వలదిన్నె పడవల వాళ్లని చూసి నేర్చుకోవాల్సింది. ఫైబర్ పడవలో నలుగురో అయిదుగురో ఎక్కుతారు. అందరూ అన్నదమ్ములు, బావమరుదులే. ఒడ్డున ఎంతైనా వాదించుకుంటారు. నీళ్లలోకి దిగాక ఇంజను పిడి పట్టినవాడి మాటే మాట. గాలి మారింది, తిరుగుదాం అంటే వల సగం వేసి ఉన్నా తిరుగుతారు. పెద్దమనిషి ఎవరు, డీజిలుకి డబ్బులెవరు పెట్టారు అన్న లెక్క అక్కడ ఉండదు. మన కొండ బృందాల్లో నాయకుడు మామూలుగా కారున్నవాడు, లేకపోతే వయసులో పెద్దాయన. ఆయన అలిసిపోయినా ‘తిరుగుదాం’ అని నోరు తెరిచి అనలేడు, చిన్నవాళ్లు ఆయనకి చెప్పలేరు. పిడి ఎవరి చేతిలో ఉండాలో చాప మీదే తేల్చాలి. వాడు వయసులో అందరికన్నా చిన్నవాడైనా సరే.

ఇక అసలు కష్టమైన భాగం, ఒంటి సంగతి. ఇక్కడ ఎవరూ నిజం చెప్పరు. పోయిన సంక్రాంతి ముందు మా మేడ మీద జరిగిన మాటలివి.

“అన్నా, నీకు షుగరుంది కదా, మాత్రలా, ఇంజక్షనా?”

“ఉంటే ఏందబ్బా? రోజూ ఆత్మకూరు బస్టాండు దాకా నడుస్తున్నా.”

“నడుస్తావులే. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే ఏమవుతుంది?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిదానంగా, చెమటలు పడతాయనీ, చేతులు వణుకుతాయనీ, జేబులో ఎప్పుడూ చాక్లెట్ ఉంటుందనీ చెప్పాడు. ఆ చాక్లెట్ ఏ జేబులో ఉంటుందో ఆ రోజు అందరం తెలుసుకున్నాం. ఇంకొకడికి బీపీ మాత్రలున్నాయని అప్పుడే బయటపడింది. బృందంలో ఆడవాళ్లుంటే వాళ్లని అడగాల్సినవి వేరే ఉంటాయి, అవి అడిగేది ఆడమనిషైతే మంచిది. ఈ ముచ్చట అరగంట ఇబ్బందిగా సాగుతుంది. నా మటుకు బూట్లు, సంచులు, టార్చిలైట్ల మీద గంటలు గంటలు మాట్లాడటం కన్నా ఆ అరగంటే విలువైనది.

సంచుల దగ్గర నవ్వుకోవడానికి చాలా ఉంటుంది. బయల్దేరడానికి వారం ముందు అందరినీ సంచి సర్దుకుని రమ్మని, ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద పెట్టించాలి. ఒంటి బరువులో అయిదో వంతు దాటితే విప్పాల్సిందే. రెండు రోజుల నడకకి ఒకతను తెచ్చిన సంచి పద్నాలుగు కిలోలు తూగింది. విప్పితే జీన్స్ ప్యాంట్లు రెండు, దుప్పటి, పాటల స్పీకరు, గాజు సీసాలో ఆవకాయ, దాని కింద అట్టపెట్టెలో మలై కాజా. నెల్లూరు వాడు ఎక్కడికి బయల్దేరినా కాజా తప్పదనుకోండి. కాజా ఉంచాం, స్పీకరు తీసేశాం. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. అడవిలో నిప్పు రాజెయ్యకూడదు కాబట్టి అక్కడ వండుకునే తిండి కన్నా నిలవుండేదే మేలు. అటుకులు, వేరుశనగ ఉండలు, ఖర్జూరం. పులిహోర రెండో పూటకీ నిలుస్తుంది, పెరుగన్నం ఎండకి మధ్యాహ్నానికే పులుస్తుంది. ఎండు నెత్తళ్లు మాత్రం వద్దు. ఎలుగుబంట్లు తిరిగే కొండలకి ఆ వాసన మోసుకుపోవడం తెలివైన పని కాదు. నీళ్ల విషయంలో బేరం లేదు. మనిషికి రోజుకి మూడు నుంచి నాలుగు లీటర్లు, అంటే వీపు మీద మూడు నుంచి నాలుగు కిలోలు. సంచిలో మిగతావన్నీ ఆ బరువుకి చోటిచ్చి సర్దుకోవాలి.

చదును నేల మీద పెరిగిన కాళ్లకి సాధన కావాలి. మైపాడు ఇసుకలో సంచి వేసుకుని నడిస్తే పిక్కలు గట్టిపడతాయి. అయితే దిగుడు అలవాటు కాదు, మోకాళ్లని అసలు పట్టి పీడించేది దిగుడే. అందుకని ఆదివారాలు పెన్న ఒడ్డున నరసింహకొండ మెట్లు ఎక్కి దిగమంటాను. కొత్త బూట్లు కొన్నవాళ్లు వాటితోనే ఎక్కాలి. కరిచేదేదో ఊళ్లోనే కరిచిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది మన జిల్లాలో మన చేతిలో లేదు. మేలో నెల్లూరు 42, 43 డిగ్రీలు చూడటం కొత్త కాదు. ఎండలు మొదలయ్యాక కొండల్లో బోద గడ్డి ఎండి, నిప్పురవ్వ పడితే చాలు అంటుకుంటుంది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. అది మార్చి నెల, ఇంకా నడివేసవి కూడా కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన సంగతి, ఆ వెంటనే పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలుపట్టాలూ కొట్టుకుపోయిన సంగతి మనమెవరమూ మరిచిపోలేదు. అలాంటి వానలో వాగు గంటలో నడుము లోతు అవుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది జనవరి, ఫిబ్రవరి మొదటి సగం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటే మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అది తమ మగతనానికి అవమానమని ఏ సరంగూ అనుకోడు. అడవి శాఖవాళ్లు వేసవిలో దారి మూసేస్తే మాత్రం మనకి కోపం వస్తుంది.

అనుమతి మాట కూడా ఇక్కడే చెప్పాలి. వెలిగొండల్లో మనం వెళ్లే పెంచలకోన చుట్టుపక్కల అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. పైగా ఇది ఎర్రచందనం నేల. వెలిగొండలు, శేషాచలం, పాలకొండలు, లంకమల, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఆ చెట్టు సహజంగా పెరగదు. దాని దొంగలని పట్టడానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్సే ఉంది. బరువైన సంచులు వేసుకుని, తెల్లవారుజామున చెట్ల మధ్య నడిచే అపరిచితులు కాపలావాడి కళ్లకి ఎలా కనిపిస్తారో ఒక్కసారి ఆలోచించండి. రేంజ్ ఆఫీసులో పేర్లు, ఆధార్ కాపీలు, దారి, తేదీ రాసి అర్జీ పెట్టడం నామోషీ కాదు. రాత్రి అడవిలోనే పడుకుంటామని పట్టుబట్టకండి. పెంచలకోనలో గదులు దొరుకుతాయి, తెల్లారి నడిచి సాయంత్రానికి దిగొచ్చు. దారి తెలిసిన మనిషిని వెంట పెట్టుకోండి. కొండ అంచు పల్లెల్లో యానాదులకి తెలిసినంత ఈ అడవి పటం గీసినవాళ్లకి తెలియదు. ఆయన కూలి ముందే మాట్లాడి, తక్కువ చేయకుండా ఇవ్వండి. భోజనం మీతోపాటే పెట్టండి.

కాలం లెక్కకి ఒక పాత సూత్రం ఉంది. 1892లో నేస్మిత్ అనే స్కాట్లండ్ కొండలవాడు చెప్పింది. అయిదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలుపుకోవాలి. అది చల్లటి దేశంలో గట్టి మనిషి నడక. ముళ్ల తుప్పల్లో, వీపున సంచితో, కాజా తిన్న మనుషులకి దానికి సగం మళ్లీ కలపండి. ఇంకో సంగతి పటంలో ఉండదు. మనం తూర్పు వైపు నుంచి ఎక్కుతాం. జనవరిలో సూర్యుడు ఆరింటికి అస్తమిస్తాడని పంచాంగం చెప్తుంది గానీ, పడమట కొండ అడ్డం ఉండటంతో కోనలో నాలుగున్నరకే నీడ కమ్ముతుంది. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి తిరగాలి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. ఈ ఒక్క గీతా ముందే గీసుకోకపోతే ‘ఇంకో పది నిమిషాలు’ అన్న మాటతోనే చీకటి పడుతుంది. ఏ దారిన వెళ్తున్నామో, రాత్రి ఎనిమిది లోపు ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. కొండ మలుపు తిరిగాక సిగ్నల్ ఉండదు. పాము కాటుకి మందున్న ఆసుపత్రి దగ్గర్లో ఏదుందో కూడా అదే కాగితం మీద ఉండాలి. కోయడం, కట్టు బిగించడం, నాటు మందు వద్దు. కాలు కదపకుండా తీసుకుపోవడమే వైద్యం.

ప్రణాళిక పిరికివాళ్ల పని అనేవాళ్లకి మన సంగం మండలం గాంధీజనసంగం ఊరి మల్లి మస్తాన్‌బాబు పేరు చెప్తాను. 2006లో జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్ ఎక్కి, జులై 10న అలాస్కాలో డెనాలీ ఎక్కేసరికి 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తయ్యాయి. విన్సన్ గురువారం, అకాంకాగ్వా శుక్రవారం, కిలిమంజారో బుధవారం, కోసియాస్కో శనివారం, ఎవరెస్టు ఆదివారం, ఎల్‌బ్రస్ మంగళవారం, డెనాలీ సోమవారం. ఏడు కొండలు, వారంలో ఏడు వేర్వేరు రోజులు. ఒక్కో కొండకీ ఒక్కో కాలం, ఒక్కో దేశపు వీసా, ఒక్కో రకం అనుమతి. ఊపిరితిత్తుల బలమొక్కటే ఉంటే అది జరగదు. ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివిన మెదడు ఎన్ని రాత్రులు కాగితాల ముందు కూర్చుని ఉంటుందో! అదే మనిషి 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దు ఆండీస్‌లో ఒంటరిగా బయల్దేరి వాతావరణానికి చిక్కి తిరిగి రాలేదు. నలభై ఏళ్లు. అంతటివాడి నిర్ణయాన్ని ఒడ్డున కూర్చుని తూచే అర్హత నాకు లేదు. అంత అనుభవం లేని మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో మాత్రం అర్థమవుతుంది.

హిమాలయాలకే వెళ్తామంటే వెళ్లండి. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున పుట్టిన మనకి 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు మొదలవ్వచ్చు. 3,000 మీటర్ల పైన రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు. నాలుగు రోజుల సెలవులో ఎక్కి దిగే ప్యాకేజీలు ఈ లెక్క పాటిస్తున్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచు తుపానుకి చిక్కిన 22 మంది బృందంలో 9 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లు, మనలాంటి దక్షిణాది మనుషులే.

ముందు ఉదయగిరితో మొదలుపెట్టమని నా సలహా. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల నుంచి గెలిచిన దుర్గం అది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. రాయల సైన్యానికే అంత కాలం పట్టిన కొండని మీరు పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగొచ్చు. దిగాక ఊళ్లో చెక్క గరిటెలు కొనుక్కోండి, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ మీ బృందం ఎలా నడుస్తుందో, ఎవరు ఎవరి మాట వింటారో తేలిపోతుంది. ఆ తర్వాతే పెంచలకోన.

ఈ వానలు వెలిస్తే జనవరి ఎంతో దూరం లేదు. వెళ్లాలనుకునేవాళ్లు రేంజ్ ఆఫీసులో అర్జీ ఈ నెలలోనే ఇవ్వండి. దాని మీద పేర్లు రాసే ముందు, ఎవరికి షుగరుందో, మాత్రలెక్కడ పెట్టుకుంటారో అడగండి.