ఎస్కేపు రూము – ప్రహేళికా రసవిరోధ విచారము

ప్రహేళిక రసమునకు ప్రతికూలము గనుక అలంకారము కాజాలదని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దానిని త్రోసివేసెను. అంతకు పూర్వమే దండి కావ్యాదర్శ తృతీయ పరిచ్ఛేదమున పదునాఱు ప్రహేళికా భేదములను వివరించి, క్రీడాగోష్ఠులలో వినోదమునకును, జనసమ్మర్దమున రహస్యముగా మాటలాడుకొనుటకును, ఎదుటివానిని కలవరపెట్టుటకును అవి ఉపయోగపడునని ఒప్పుకొనెను. ఒకరు ప్రయోజనమును జూచిరి, మఱియొకరు రసమును జూచిరి. కావున ఇరువురకును నిజమైన విరోధము లేదని తరగతులలో చెప్పి ముందునకు సాగుట వాడుక. మేమును అట్లే చెప్పుచుంటిమి. గడచిన యేడు నలుగురు మిత్రులతో కలసి హైదరాబాదులో ఒక ఎస్కేపు రూము ఆడిన పిమ్మట ఆ సమాధానము చాలునని మాకు తోచలేదు.

ఈ క్రీడ నెఱుగనివారికి రెండు మాటలు. కొందఱు మిత్రులు ఒక గదిలో ప్రవేశింతురు. అచ్చటి వస్తువులలో దాగియున్న చిక్కులను ఒకటొకటిగా విప్పుచు, నియత కాలములో – సాధారణముగా అరువది నిమిషములు – తుది తలుపు తెఱవవలెను. కంప్యూటరు తెరపై ఇట్టి ఆటలు అంతకు ముందే కలవు. దానిని నిజమైన చోటికి తెచ్చి 2007లో జపానులోని క్యోటో నగరమున ఆడించినవాడు స్క్రాప్ సంస్థకు చెందిన తకావో కాటో. స్కాట్ నికల్సన్ 2015లో పలు దేశములందలి 175 కేంద్రములను గూర్చిన పరిశీలనమును ప్రకటించెను. మరుసటి యేటి వ్యాసమున ఆతడు, ప్రతి చిక్కు విషయమునను 'ఇది ఇచ్చట ఏల ఉన్నది' యని నిర్మాత తన్ను తాను ప్రశ్నించుకొనవలెనని వాదించెను. క్షేమేంద్రుని పేరెత్తకయే ఆతడడిగినది ఔచిత్యమును.

మేమాడిన గది ఒక తంతి గుమాస్తా యిల్లు. గోడను ఆగిపోయిన గడియారము, మూలను తంతి యంత్రము, గడపపై ఎండిన మామిడి తోరణము. కుమార్తె పెండ్లి జరిగిన నాటినుండి ఆ యిల్లు ఏల మూతపడినదో కనుగొనుట మా పని. మొదటి తాళము శుభలేఖలోని ముహూర్తపు తేదీతో తెఱచుకొనెను. ఆ పిదప వంటయింటిలో రంగురంగుల సీసాలను వరుసగా పేర్చి బీరువా తాళమునకు సంఖ్యను రాబట్టవలసి వచ్చెను. ఏ గుమాస్తా తన పప్పుల సీసాలలో బీరువా సంఖ్యను దాచును? పావుగంట సేపు వానితో పెనగులాడితిమి. ఆ సేపంతయు మాకు గుమాస్తా లేడు, ఆతని భార్య లేదు. తలుపుపై తగ్గుచున్న అంకెలును, ఒకరికంటె ముందు ఒకరు కనుగొనవలెనను పంతమును మాత్రమే ఉండెను. అభినవభారతిలో చెప్పబడిన సప్త రసవిఘ్నములలో నిజసుఖాది వివశీభావ మొకటి: తన సుఖదుఃఖములలో మునిగిన ప్రేక్షకునికి రసప్రతీతి కలుగదు. దీనికి ఉదాహరణము వెదకుచున్న విద్యార్థులు ఆ సీసాల ముందు నిలిచిన మమ్ము చూచిన చాలును. ఇంతవఱకు విశ్వనాథునిదే జయము.

చివరి చిక్కు వేఱు. బీరువాలో దొరకిన కాగితముపై చుక్కలు, గీతలు. ప్రక్కను సంకేతాక్షరముల పట్టిక. మాలో ఒకరు ఒక్కొక్క అక్షరమును పైకి చదువుచుండగా వేఱొకరు వ్రాసికొనుచుండిరి. 'మదర్ సీరియస్' అను నంతవఱకు వచ్చునప్పటికి పెన్సిలు ఆగెను. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. అయినను ఆ రెండు మాటల బరువును మాకెవ్వరును విప్పి చెప్పనక్కఱ లేకపోయెను. తంతి గుమాస్తా భార్య పేర వచ్చినది. తేదీ పెండ్లికి ముందటి దినము. పెండ్లి ఆగిపోవునని వెఱచి ఆతడు దానిని దాచెను.

ఇచ్చట చిక్కు విప్పుట కథకు అడ్డు రాలేదు, విప్పుటయే కథ. ఆనాడు గుమాస్తా ఏ వరుసలో అక్షరములను విని వ్రాసికొనెనో ఆ వరుసలోనే మేమును వ్రాసితిమి. నాటకమున నటుడు తంతిని చదువును, మనము ఆతని ముఖమును చూతుము. ఇచ్చట చేయువాడును చూచువాడును ఒక్కడే. అట్లయినచో తాటస్థ్యము పోయి రసము లౌకిక భావముగా దిగజారదా యని ఆక్షేపింపవచ్చును. ఆ తల్లి మా తల్లి కాదు. దాచిన దోషము మాది కాదు. చేతిపని మాత్రము మాదైనది. సాధారణీకరణమునకు ఆ దూరము చాలునని మా అభిప్రాయము. అది లేనిచోట కళయే లేదు. 2019 జనవరిలో పోలండులోని కొషాలిన్ నగరమున ఇట్టి కేంద్రములో అగ్నిప్రమాదము జరుగగా ఐదుగురు బాలికలు బయటపడలేక మరణించిరి. తలుపు నిజముగా మూసికొనిపోయినచోట భయానకరసము లేదు, భయమే ఉన్నది.

తుది తలుపు సంఖ్య ఆ తంతి తేదీయే. మూడు నిమిషములు మిగిలియుండెను. ఎవ్వరును వెంటనే అంకెలు త్రిప్పలేదు. వెలుపలికి వచ్చిన మీదట 'తప్పించుకొంటిమి' అని వ్రాసిన పలకను పట్టుకొని ఛాయాచిత్రమునకు నిలువుమని నిర్వాహకుడు కోరగా, దానిని అందుకొనుటకు మాలో ఎవ్వరికిని చేయి రాలేదు.

మొదట అవలీలగా తీసిన శుభలేఖ తాళమునకు అర్థము తుదకు గాని తెలియకపోవుట మంచి నిర్మాణము. పింగళి సూరన కళాపూర్ణోదయమున ఈ నేర్పు పరాకాష్ఠ నందినది: ద్వారకలో కలభాషిణి ఉయ్యాల యూగునప్పటి సంగతుల లోగుట్టు, శిశువైన మధురలాలస నోట పూర్వకథ వెలువడువఱకు పాఠకునికి చిక్కదు. కాని గుట్టు తెలిసిన పిమ్మటనే ఆ కావ్యమును మఱింత ప్రీతితో చదువుదుము. ఈ గదికి ఆ భాగ్యము లేదు. మా మిత్రులలో ఒకరు తమ తల్లిగారిని అచ్చటికి తీసికొనిపోయి, తాము నోరు మెదపక ప్రక్కను నిలిచి చూడవలెనని తలంచిరి. ఒకసారి ఆడినవారిని ఆ గదిలోనికి మరల రానీయరట. వ్యాపారమునకు ఆ నియమము సరియే కావచ్చును. తమ గదిలో చిక్కు తప్ప వేఱేమియు లేదని నిర్వాహకులే నమ్ముచున్నట్లు మాత్రము దానివలన తెలియుచున్నది.