విరక్కుండా విప్పే విద్య

పాత అంబాసిడర్‌కు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పాలంటే ఎంత అనుభవమున్న మెకానిక్కైనా కాస్త జంకుతాడు. ఏళ్ళ తరబడి వేడికి కాలి, వానకు తడిసి, మళ్ళీ కాలిన స్టడ్డులవి. నట్టు ఎక్కడ మొదలైందో, స్టడ్డు ఎక్కడ ఆగిందో తెలియకుండా తుప్పు కప్పేసి ఉంటుంది. పానాకు పైపు తొడిగి బలంకొద్దీ లాగితే నట్టు మూలలైనా అరిగి గుండ్రమవుతాయి, స్టడ్డైనా సిలిండర్ హెడ్డు దగ్గర పుటుక్కున తెగుతుంది. గంటలో అయ్యే పని రెండు రోజులు పడుతుంది.

పట్టేసిన బోల్టును విరక్కుండా విప్పడం ఒక విద్య. ఇనుము, నూనె, నిప్పు ఎప్పుడెలా ఉంటాయో తెలిస్తేగాని అది పట్టుబడదు. ఆ విద్యను నూరేళ్ళకు పైగా ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిస్తున్న ఊళ్ళలో ఖరగ్‌పూర్ ఒకటి.

హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు రైల్వే కోసం పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ తన పెద్ద వర్క్‌షాపును నిలబెట్టింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు వైపు వెళ్ళే లైను కూడా ఆ కంపెనీలో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల వాళ్ళకు బెంగాల్ దారి అలా దగ్గరైంది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, బాయిలర్ పనివాళ్ళుగా వచ్చినవాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. నింపురా, మథురాకాటి వైపు ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 1927లో వర్క్‌షాపు కార్మికుల తొలగింపు పెద్ద పోరాటానికి దారితీసింది. ఆ రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపించినవాళ్ళలో తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా మొదట వినిపించిన పేరు ఖరగ్‌పూర్‌దే.

ఆ ఫిట్టర్ల పనిని గుర్తుచేసుకోవాలంటే ఆవిరి ఇంజిన్ దగ్గరికి వెళ్ళాలి. ఫైర్‌బాక్స్ లోపలి గోడకూ బయటి గోడకూ మధ్య వందల కొద్దీ స్టే బోల్టులు ఉంటాయి. రెండు గోడలనూ పట్టి నిలిపేవి అవే. వేడెక్కడం, చల్లారడంతో అవి అలిసిపోయి విరుగుతాయి. విరిగినది బయటికి కనిపించదు కాబట్టి ప్రతి బోల్టుకూ కొస నుంచి ఒక సన్నని రంధ్రం పెట్టేవారు. లోపల విరిగితే ఆ రంధ్రంలోంచి నీరో ఆవిరో చిమ్మి పట్టిస్తుంది. అప్పుడా బోల్టు నడిమధ్య డ్రిల్లు చేసి, ముక్కను తీసి, ట్యాపుతో కొత్త మర కోసి, కొత్త బోల్టు బిగించాలి. ఇవాళ కారు హెడ్డులో విరిగిన స్టడ్డు తీసే పద్ధతి అచ్చంగా ఇదే. ఇంజిన్ చిన్నదైంది, అంతే తేడా.

బోల్టు ఎందుకు పట్టేస్తుంది? ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. మరల మధ్య సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే. అందులో తుప్పు ఉబ్బితే ఇక కదలడానికి చోటుండదు. ఖరగ్‌పూర్ వానాకాలపు తేమ ఒక కారణం. దీఘా సముద్రపు ఇసుక మీద తిరిగొచ్చిన బండ్లకైతే ఉప్పు కూడా తోడవుతుంది. అల్యూమినియం హెడ్డులో ఉక్కు బోల్టు ఉంటే కథ మరోరకం. రెండు వేరువేరు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం క్షీణించి, తెల్లని పొడిలా మారి మరలను పూడ్చేస్తుంది.

ఈ ఊరి మెకానిక్కుల పెట్టెలో మూడు రకాల పానాలు ఎందుకుండేవో కూడా చెప్పుకోవాలి. బ్రిటిష్ యంత్రాల మరలు 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన కొలతలవి, మర కోణం 55 డిగ్రీలు. ఆ పానాల మీద ఉండేది బోల్టు కాడ కొలత, పానా నోటి వెడల్పు కాదు. తర్వాత హుగ్లీ జిల్లా ఉత్తరపారాలో 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన ఆ బండి 1489 సీసీ ఇంజిన్‌లో మరలు 60 డిగ్రీలవి, నట్టు తలలు అంగుళాల లెక్కవి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక మిల్లీమీటర్ల పానాలు ఇంటింటికీ చేరాయి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా పడుతుంది, తిరుగుతుంది కూడా. ఆ 0.3 మిల్లీమీటరు వదులే పట్టేసిన నట్టు మూలలను అరగదీస్తుంది. సరైన పానా, అదీ ఆరు మూలల సాకెట్, ఈ పనిలో సగం గెలుపు. పన్నెండు మూలల రింగు మామూలు పనికి సుఖంగా ఉంటుంది గానీ మొండి నట్టు దగ్గర జారిపోతుంది.

ముందు వైర్ బ్రష్‌తో మరలు తోమాలి. తుప్పు పొర మీదే నూనె పోస్తే అది లోపలికి దిగదు. తర్వాత తుప్పు వదిలించే పల్చని నూనె, అది లేకపోతే డీజిలు. కొద్దికొద్దిగా, కొన్ని గంటల పాటు, వీలైతే రాత్రంతా. మధ్యమధ్యలో బోల్టు తల మీద సుత్తితో నిలువుగా చిన్న దెబ్బలు వెయ్యాలి. ప్రతి దెబ్బకూ తుప్పు పొరలో సన్నని పగుళ్ళు లేస్తాయి, నూనె వాటిలోకి పాకుతుంది. తొందరపడేవాళ్ళు ఇక్కడే పని చెడగొట్టుకుంటారు.

ఇక తిప్పడం. అనుభవజ్ఞులు ముందు విప్పే దిక్కుకు పోరు, బిగించే దిక్కుకు ఒక్క పిసరు కదుపుతారు. తుప్పు బంధం తెగేందుకు ఆ పిసరు చాలు. తర్వాత పావు చుట్టు విప్పి, మళ్ళీ కాస్త వెనక్కి తిప్పి, నూనె వేసి, మళ్ళీ ముందుకు. విరిగిన తుప్పు రజను ఒకే దిక్కుకు తోసుకుంటూ పోతే మరల మధ్య ముద్దకట్టి మళ్ళీ పట్టేస్తుంది. బోల్టు కిర్రుమంటూ కదిలితే మంచి గుర్తు. చప్పుడు లేకుండా మెత్తగా తిరుగుతుంటే ఆపెయ్యాలి, మర తిరగడం లేదు, కాడ మెలిపడుతోంది. ఆ తేడా మణికట్టుకు తెలియాలి. పుస్తకం ఎంత వివరంగా రాసినా ఇక్కడ గురువు పక్కన నిలబడక తప్పదు.

అప్పటికీ రాకపోతే నిప్పు. ఉక్కు డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు సాగుతుంది, అల్యూమినియం సుమారు 23. కాబట్టి అల్యూమినియం హెడ్డులో ఉక్కు బోల్టు ఉంటే బోల్టును కాక దాని చుట్టూ ఉన్న హెడ్డును వేడి చెయ్యాలి. పది మిల్లీమీటర్ల రంధ్రం, బోల్టు కలిసి వంద డిగ్రీలు వేడెక్కితే వాటి మధ్య ఒక మిల్లీమీటరులో నూరో వంతు సందు పెరుగుతుంది. చూడ్డానికి ఏమీ కాదు, పట్టు వదలడానికి అదే చాలు. కానీ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, ఇనుములా ఎర్రబడి ముందు హెచ్చరించదు. పోత ఇనుప ఇంజిన్ల మీద చెయ్యి తిరిగినవాళ్ళు కూడా మారుతి హెడ్డు ముందు మంట తగ్గించుకోవాల్సిందే. పెట్రోలు పైపులు దూరం జరపాలి, పోసిన నూనె తుడవాలి. మంట పెట్టే టార్చిలో గ్యాస్ గొట్టానికి బిగించే నట్టు ఎడమ మరదని కూడా గుర్తుంచుకోవాలి. ఆక్సిజన్ గొట్టంతో కలగాపులగం కాకుండా చేసిన ఏర్పాటది.

కొందరు వేడి బోల్టు మీద కొవ్వొత్తి మైనం పెడతారు. అది కరిగి మరల సందుల్లోకి పీల్చుకుపోతుంది.

తల తెగిపోయాక అసలు పరీక్ష మొదలవుతుంది. కాడ కొంచెం బయట మిగిలితే దాని మీద ఒక నట్టు నిలిపి, నట్టు రంధ్రం లోపలి నుంచి వెల్డింగ్ చేస్తారు. దీని గొప్పతనం ఏమిటంటే పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది, ఆ వెల్డింగ్ వేడి కాడను లోపల సాగదీసి, చల్లారేటప్పుడు కుదించి తుప్పు పట్టు కూడా తెంచుతుంది. ఎర్రదనం పోయాక పానా వేస్తే చాలా స్టడ్డులు వచ్చేస్తాయి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తీసెయ్యాలి, లేకపోతే ఆల్టర్నేటర్ పోతుంది.

కాడ లోపలే తెగితే సెంటర్ పంచ్‌తో సరిగ్గా నడిమధ్య గుర్తు పెట్టాలి. గుర్తు పక్కకు పోతే డ్రిల్లు పక్కకు పోతుంది, హెడ్డు మర పోతుంది. డ్రిల్లు చేసిన రంధ్రంలో దించి కాడను తిప్పి తీసే ఈజీ అవుట్ అనే పనిముట్టు చాలామందికి ఇష్టం గానీ అది గట్టి ఉక్కు, పెళుసు. రంధ్రంలో అదే విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని ముట్టుకోలేదు. అందుకే దాని జోలికి పోయే ముందు వేడి, నూనె, ఓపిక అన్నీ వాడి చూడాలి. అంతా అయ్యాక మర పాడైతే హెలికాయిల్ స్ప్రింగు దించి కొత్త మర చేసుకోవచ్చు, హెడ్డు మార్చక్కర్లేదు.

రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌లకు 1961 నాటి అప్రెంటిస్ చట్టం అండగా ఉంది, శిక్షణకు సర్టిఫికెట్ ఉంది. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్ళది. గ్యారేజీలో నూనె డబ్బా పట్టుకుని నేర్చుకునే కుర్రాడికి అవేమీ లేవు. తెగిన స్టడ్డు తీసి వేల రూపాయల హెడ్డును నిలబెట్టినా ఎక్కడా అతని పేరు నమోదు కాదు. పని చేస్తూ నేర్చుకున్నవాళ్ళ నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పథకం కేంద్రానికి ఉంది. మోటారు మెకానిక్కులకు పెట్టే ఆ పరీక్షలో కొత్త ఇంజిన్ విప్పి బిగించడంతో సరిపెట్టకుండా, తుప్పు పట్టిన ఒక ఎగ్జాస్ట్ స్టడ్డును చేతికిచ్చి చూడాలి. ఖరగ్‌పూర్ లాంటి ఊళ్ళో ఆ పరీక్షకు పరీక్షకులుగా కూర్చోదగ్గ రిటైర్డ్ ఫిట్టర్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతులు వణకడం మొదలుకాకముందే వాళ్ళను పిలవాలి.