'ఖాళీ నేల' కథనం: టర్నర్ సిద్ధాంతం – బాన్సువాడ ఆయకట్టు

అమెరికా చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో చికాగోలో సమర్పించిన పత్రం పడమటి విస్తరణ అధ్యయనాలకు చాలాకాలం ఆధారంగా నిలిచింది. ఖాళీ నేల లభ్యత, దానివైపు సాగిన వలస అమెరికా ప్రజాస్వామ్య స్వభావాన్ని తీర్చిదిద్దాయన్నది ఆయన ప్రతిపాదన. ఇందులోని 'ఖాళీ నేల' భావన పునఃపరిశీలించదగినది.

తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ పాలనాకాలమే (1789–1797) దీనికి ప్రతివాదం. 1794లో జనరల్ వేన్ సైన్యం ఫాలెన్ టింబర్స్ వద్ద ఆదివాసీ తెగల కూటమిని ఓడించింది. మరుసటి ఏడాది గ్రీన్‌విల్ ఒప్పందంతో నేటి ఒహాయోలో అధికభాగం ప్రభుత్వపరమైంది. నేల ఖాళీదే అయితే యుద్ధం ఎవరితో? ఒప్పందం ఎవరితో? టర్నర్ ఆదివాసులను పూర్తిగా విస్మరించలేదు. అయితే ఆయన రచనలో వారు వలసదారుడు దాటవలసిన అవరోధమే తప్ప హక్కుదారులు కారు.

ఇదే ప్రశ్న తెలుగు నేలపై జరిగిన వలసకూ వర్తిస్తుంది. మంజీరపై 1923–1931 మధ్య నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. ఆ నీటి ఆధారంతో కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు బాన్సువాడ, వర్ని, బోధన్ పరిసరాలలో స్థిరపడ్డారు. వారి ఆవాసాలకు వచ్చిన 'క్యాంపు' అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. బీడును మాగాణిగా మార్చారన్న ప్రశంసలోని శ్రమ కాదనలేనిది. కాని వారు పొలాలు కొన్నారు, కౌలుకు తీసుకున్నారు. కొన్నారంటే అమ్మినవారున్నారు. మెట్టపంటల నేలను 'బీడు' అనడం డెల్టా చూపుతో కట్టిన విలువ.

అయితే ఈ పోలికకు హద్దులున్నాయి. 1830 నాటి తొలగింపు చట్టం పర్యవసానంగా చెరోకీలను 1838–39లో సైనిక బలంతో స్వస్థలాల నుంచి తరలించారు. మంజీర ఆయకట్టు వలసలో అటువంటి సైనిక తొలగింపు లేదు. కొత్తవారికి స్థానికులు పొరుగువారయ్యారు. కాబట్టి రెండింటికీ గల సామ్యం సంఘటనలలో కాక కథనంలో ఉంది. ఒహాయోలో సైన్యం, బాన్సువాడలో ఆనకట్ట ముందు నడిచాయి. రెండుచోట్లా కీర్తి మాత్రం ఒంటరి రైతు పట్టుదలకే దక్కింది. రాజ్యం పాత్ర, పాత హక్కుదారుని ఉనికి మరుగునపడ్డాయి.

కనుక ఆయకట్టు చరిత్రను వలసదారుల జ్ఞాపకాలతోనే నిర్మించడం అసమగ్రం. భూమి అమ్మిన కుటుంబాల, ముంపు గ్రామాల, కౌలిచ్చిన రైతుల కథనాలను కూడా సేకరించి, వాటి పక్కన ఉంచి చదివినప్పుడే 'బీడు' అన్న మాట ఎవరిదో తేటతెల్లమవుతుంది.